ఎద్దులు లాక్కొచ్చిన ట్రాక్టర్లు

ట్రాక్టరు తోలడం రానివాళ్లకే పాత ట్రాక్టర్ల మీద ప్రేమ పుడుతుంది. ఈ మాట ఎవరైనా కాదంటే నా దగ్గరికి పంపండి, మాట్లాడతాను. నా ఇరవై రెండో ఏట నేను దున్నిన సాలు చూసి మా డ్రైవరు, "తంబీ, జెర్రిపోతు గూడా ఇంతకంటే నేరుగా పోతాదే" అన్నాడు. ఆ మాట అన్న ఏడాదిలోపే మా కళ్లంలో నాలుగు పాత ట్రాక్టర్లు చేరాయి. నాలుగింట్లో ఒక్కటీ కదిలేది కాదు.

ఈమధ్య వేలూరు నుంచి ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు మోటారు సైకిలు మీద వచ్చారు. వాళ్లకూ ఈ రోగమే. "సార్, మీకు ఈ ఇంట్రస్టు ఎట్ల వచ్చింది?" అని అడిగారు, ఫోను నా మొహం ముందు పెట్టి. మట్టి వాసన అన్నాను, తాతల నాటి జ్ఞాపకం అన్నాను. వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. కాఫీ ఇచ్చి పంపించాక నామీద నాకే ఒళ్లు మండింది. ముసలితనం వస్తున్నా ఇంకా ఈ సొల్లు కబుర్లేనా అనిపించింది. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

మాది గుడియాత్తం దగ్గర ఒక ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కోపం వస్తే రెండూ. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చామో మా నాయనకే తెలియదు. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను, కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. మాకు బావి కింద కొంత మడి, మిగతాదంతా వాన చూసుకుని వేరుశనగ వేసే ఎర్రనేల. ఇంతటికీ కలిపి ఒకటే ట్రాక్టరు, మా తాత కొన్నది. ఓడలో వచ్చిన విదేశీ బండి. కొన్న కొత్తలో చుట్టుపక్కల నాలుగూళ్లకూ అదొక్కటే. నా కాలానికి ఎర్ర రంగు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. సీటు మీద గోనెపట్ట, హారను లేదు. పొద్దున డ్రైవరు రెండు తిట్లు తిడితే స్టార్టయ్యేది, సాయంత్రం దాకా ఆగేది కాదు.

ఆ బండికి మా తాత పెట్టిన కట్టడి ఒకటుంది. ట్రాక్టరు కొన్నప్పుడు ఆయన ఎద్దులన్నిటినీ అమ్మేశాడు. అంతకుముందు మా ఎద్దుల్ని అడిగి తీసుకుపోయి సేద్యం చేసుకునే బీదవాళ్లు వచ్చి గుమ్మం ముందు కూర్చున్నారట, ఇక మా గతేమిటని. ఆడి నెల, అంటే ఆషాఢం, మొదటి వానకు ఎద్దుల్లేనివాళ్ల చేలు దున్నాకే మన చేనిలోకి బండి దిగుతుందని తాత మాటిచ్చాడు. నాయన ఆ మాట ఒక్క ఏడు కూడా తప్పలేదు. నేను పెద్దవాణ్నయ్యేసరికి అలాంటివాళ్లలో కొందరు చేలు అమ్ముకున్నారు, కొందరు వేరే బండ్లు మాట్లాడుకున్నారు. మిగిలింది ఒక్క అవ్వ. మొగుడు లేడు, పిల్లలు లేరు. కొండ కింద ఎకరన్నర రాళ్ల చేను ఉంది. ఆ రాళ్లకు నాగలి పళ్లు విరుగుతాయని బాడుగ ట్రాక్టర్లవాళ్లు అటు తొంగి కూడా చూడరు. మా డ్రైవరుకు మాత్రం ఆ చేనిలో ఏ రాయి ఎక్కడుందో తెలుసు. ఆ ఎకరన్నరలో పండే వేరుశనగ కాయలే ఆమెకు ఏడాది పొడుగునా తిండీ, గుడ్డా, మందుబిళ్లా.

అప్పట్లో దేశం తలుపులు తెరుచుకున్నాయని పేపర్లు రాసేవి. మా ఊరి మటుకు తెరుచుకున్నది బ్యాంకు తలుపు. ట్రాక్టరుకు అప్పు కావాలంటే అంతకుముందు చెప్పులు అరిగేవి. ఇప్పుడు ఏజెంటే ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, మజ్జిగ తాగి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించి పోతున్నాడు. గుడియాత్తంలో శుక్రవారం వచ్చిందంటే ఒక కొత్త ట్రాక్టరు పూలదండ వేసుకుని నిమ్మకాయలు తొక్కుకుంటూ వెళ్లేది. రివర్సు గేరు వేస్తే పాట కూడా పాడేది. పాట రాని పాత బండ్లన్నీ ఆర్కాడులో కాయలాన్ కడలకు, అంటే పాత ఇనుము కొట్లకు, వరసగా తరలిపోయాయి.

మా బావ, మేనత్త కొడుకు, సత్తువాచారిలో గది తీసుకుని వేలూరులో చదువుతున్నానని చెప్పేవాడు. ఏం చదువుతున్నాడో వాళ్ల నాయనకు కూడా తెలియదు. ఒక ఆదివారం రొప్పుకుంటూ వచ్చాడు.

"బామ్మర్దీ, ఆర్కాడులో కాయలాన్ కడ ముందర ఒక తెల్లోడు ట్రాక్టరుకు ఫోటో తీస్తా ఉండాడు. మోకాళ్ల మింద కూసోని తీస్తా ఉండాడురా! మీ నాయన బండి ఉండాదే, అచ్చం అదే జాతి. దాన్ని తాకి చూసి కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు."

వాళ్ల ఊరి బండి కదా, చూడగానే పాపం ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది. మాకెందుకు రావాలి ఏడుపు? కానీ వచ్చింది. ఆ బండిని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. దాని మీద ఎక్కితే ఒళ్లు నొప్పులు తప్ప నాకు ఎన్నడూ ఏమీ కలగలేదు. ముక్కూ మొహం తెలియని ఒక తెల్లాయన మోకాళ్లు వంచాడని వినగానే అది అపురూపమైపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. బయటివాడొచ్చి ఒక ఆకు తుంచుకున్నాడంటే చాలు, దానికి కంచె కడతాం.

ఇంకో కారణం కూడా ఉంది. దీన్ని నేను ఎవరికీ చెప్పలేదు, ఆ కుర్రాళ్లకు కూడా. నాలుగూళ్లకూ ఒక్కటే ట్రాక్టరున్న ఇంటి మనవణ్ని నేను. బడిలో అందరూ నాకు పక్కకు జరిగి చోటిచ్చేవాళ్లు. ఇప్పుడు బ్యాంకు పుణ్యమా అని మా చేలల్లో కలుపు తీసిన కుటుంబం పిల్లవాడు కొత్త ట్రాక్టరు మీద, రంగు అద్దాలు పెట్టుకుని, నన్ను చూసి చెయ్యి ఊపుతున్నాడు. కడుపు మండింది. కొత్తది ఎవరైనా అప్పు చేసి కొనుక్కోవచ్చు. పాతది మాత్రం కొనలేరు, కొన్నా మోజు పడలేరు, ఎందుకంటే వాళ్లకు దున్నాల్సిన పనుంది. అక్కడ దొరికింది మాకు గొప్ప. ఎవడికీ అక్కర్లేనిది నా దగ్గరుందని విర్రవీగడం అంత తేలికని అప్పటిదాకా తెలియదు.

బావా, నేనూ, ఇంకో ముగ్గురు కలిశాం. ముగ్గురూ కలిగిన ఇళ్ల బిడ్డలే, ముగ్గురికీ పొద్దు పోవడం లేదు. మొదటి ట్రాక్టరు కొనడానికంటే ముందే సంఘం పెట్టాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. బావ ప్రెసిడెంటు, నేను సెక్రటరీ, మిగతా ముగ్గురూ వైస్ ప్రెసిడెంట్లు. మామూలు సభ్యుడు ఒక్కడూ లేడు. రబ్బరు స్టాంపు చేయించాం. లెటర్ ప్యాడు మీద ట్రాక్టరు బొమ్మ వేయించాం. అచ్చుకొట్టేవాడి దగ్గర పాత ట్రాక్టరు బ్లాకు లేక కొత్తదే వేశాడు.

మొదటి బండి లత్తేరిలో దొరికింది, రైలు స్టేషనుకు అవతల ఒక రైతు చేను గట్టున. దాని మీద గుమ్మడి తీగ పాకి ఉంది. స్టీరింగు చుట్టూ తీగ, సీటులో కాయ. ఆ రైతు మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఏంటికప్పా మీకిది? దీంట్లో ఎంజిన్ పోయి పదేండ్లాయ."

"సుమ్మా, ఊరికే పెట్టుకునేదానికి" అన్నాడు బావ.

"సుమ్మానా?" అని ఆయన పెళ్లాం వైపు తిరిగాడు. ఆమె తలుపు వెనకనుంచి, "ఇచ్చేస్తే ఇచ్చేయి గానీ, కాయలు ముదిరినాక రమ్మను. ఇప్పుడు తీగ పెరికితే నాలుగు గుమ్మడికాయలు పోతాయి" అంది.

మూడు వారాలు ఆగాం. గుమ్మడికాయల కోసం ఆగిన ప్రెసిడెంటునూ సెక్రటరీనీ మా సంఘంలోనే చూడాలి. నాలుగో వారం వెళితే చక్రాలు తిరుగుతున్నాయి కానీ బండి తనంతట తాను కదిలే మాటే లేదు. లారీ ఎక్కించాలంటే ఆ గట్టు మీదికి లారీ రాదు. చివరికి ఆ ఊళ్లోనే ఒక జత ఎద్దుల్ని మాట్లాడి, ట్రాక్టరుకు మోకు కట్టి, రోడ్డెక్కాం. ముందు ఎద్దులు, వెనక ట్రాక్టరు, దాని మీద రాజులాగా మా బావ స్టీరింగు పట్టుకుని. రైల్వే గేటు పడింది. పాసెంజరు బండి నిదానంగా పోతుంటే కిటికీలన్నిటి నుంచీ తలలు బయటికొచ్చాయి. టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఏమప్పా, డీజిలు కిడైకలేదా?" అని, అంటే దొరకలేదా అని, అడిగాడు. ఎద్దులాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "డీజిలు ఎందుకప్పా, గడ్డి ఉండాదిగా" అన్నాడు. గుడియాత్తం దాకా దారి పొడుగునా ఆయన ఈ మాటే చెప్పి నవ్వించాడు. మేము మాత్రం నవ్వలేదు. చరిత్రను కాపాడుతున్నవాళ్లకు నవ్వు రాకూడదని మా నమ్మకం.

నాయన కళ్లంలోకి వచ్చి దాని చుట్టూ ఒక్క చుట్టు తిరిగాడు.

"దున్నతాదా?"

"లేదు నాయనా."

"నీళ్లు తోడతాదా?"

"లేదు."

"మరి యాల?"

"పాతది నాయనా. ఇట్లాటిది ఇంక దొరకదు."

"నేను గూడా పాతోణ్నే. నన్ను ఎన్నడన్నా ఇట్ల గుడ్డ పెట్టి తుడిచినావా?" అని వెళ్లిపోయాడు.

మా అమ్మకు మాత్రం అవి నచ్చాయి. నాలుగు ట్రాక్టర్లు చేరేసరికి ఒకదాని బానెట్ మీద వడియాలు, ఒకదాని మీద మిరపకాయలు ఆరబోసేది. ఎండకు ఇనుము కాలి ఒక్క పూటలో ఆరిపోతున్నాయని ఊరంతా చెప్పింది. మా సంఘం వల్ల ఈ లోకానికి జరిగిన మేలు అదొక్కటే.

డ్రైవరును కూర్చోబెట్టి టేపు రికార్డరు కూడా పెట్టాం. పాతికేళ్లు ఆ జాతి బండి తోలినవాడు కదా, అనుభవాలు చెబుతాడని. "అన్నా, మొదటిసారి సీటు మీద కూర్చున్నప్పుడు నీకు ఎట్ల అనిపించింది?" అని బావ గొంతు తగ్గించి అడిగాడు. డ్రైవరు చాలాసేపు ఆలోచించి, "పిర్రలు కాలినాయి తంబీ" అన్నాడు. ఇంకేమైనా చెప్పన్నా అంటే, "ఎండాకాలం గదా, రొంబ కాలినాయి" అన్నాడు. సంఘం పుస్తకంలో నేను దాన్ని "ఆయన మాటల్లో ఎంతో ఆర్ద్రత" అని రాశాను. అదీ తమిళంలో, ఇంకా ఘోరంగా.

ఇంతలో వేలూరులో పాత బండ్ల ప్రదర్శన అన్నారు. ఒక మైదానంలో పాత కార్లూ, మోటారు సైకిళ్లూ నిలబెడతారట. బండి తన ఇంజనుతో తాను మైదానం చుట్టూ తిరగాలన్నది షరతు. ఇంకేముంది, సంఘం పరువు పోయేలా ఉంది. మా నాలుగింట్లో కాస్త ఒళ్లు బాగున్నది ఆర్కాడు కాయలాన్ కడలో కొన్నది, తెల్లాయన మోకాళ్లు వంచిన బండి. దానికి ఇంజనులోకి డీజిలు కొట్టే పంపు లేదు. ఆ పంపు ఎక్కడా దొరకదు. దొరికే చోటు ఒకటే, మా నాయన బండి.

అది ఆడి నెల. మా పక్క "ఆడి పట్టం తేడి విదై" అంటారు, ఆడిలో పదును వెతుక్కుని మరీ విత్తమని. ఎర్రనేలలో వాన పడ్డాక పదును మూడు రోజులు, మహా అయితే నాలుగు. ఆ లోపల దున్ని విత్తాలి, లేకపోతే నేల బిగుసుకుంటుంది. ఆ వారమే నాయన చిత్తూరు దగ్గర దాయాది ఇంట్లో కర్మకని బయలుదేరాడు. డ్రైవరు కొత్తగా పెళ్లయిన కూతురిని ఆడికి ఇంటికి తీసుకురావడానికి పోయాడు. పోతూ పోతూ నాయన మేఘం చూసి, "నాలుగు దినాల్లో వాన ఉండాది. బండికి డీజిలు పోయించి పెట్టు. చిన్నమ్మ చేను మరిచిపోవద్దు" అన్నాడు. ఆయన అవ్వను చిన్నమ్మ అనేవాడు. డీజిలు పోయించాను, అది నిజం.

శనివారం పొద్దున బావ స్పానర్లతో దిగాడు. ఆర్కాడు బండి అప్పటికే లారీ మీద వేలూరు మెకానిక్కు షెడ్డు చేరింది. "ఆదివారం తిప్పుతాం, సోమవారం తెచ్చి బిగించేస్తాం. రెండే రెండు దినాలురా. మీ నాయనకు తెలిసేది గూడా లేదు" అన్నాడు. పంపు తీసేటప్పుడు అది ఇంజనుతో ఏ తాళంలో, అంటే ఏ టైమింగులో, కూర్చుని ఉందో గీత గీసి గుర్తు పెట్టుకోవాలని మెకానిక్కు ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పాడట. బావ నాకు చెప్పలేదు. నేను అడగలేదు. నట్లు విప్పాం, తీశాం, పాత లుంగీలో చుట్టాం.

మోపెడ్ మీద బావ వెనక కూర్చున్నాను, పంపు నా ఒళ్లో. కొండ దారి మలుపులో అవ్వ ఇల్లు. వాకిట్లో చేట పెట్టుకుని కూర్చుని ఉంది, పక్కన విత్తనం కాయల మూట. విత్తనం కాయ ఒలవడమంటే ఇష్టమొచ్చినప్పుడు చేసే పని కాదు. పొట్టు తీసిన గింజ ఎక్కువ రోజులు నిలవదు, పురుగో పుచ్చో పట్టి మొలక చస్తుంది. అందుకే వాన ఖాయమనీ, దున్నేవాడు ఖాయమనీ తెలిసిందాకా ఎవరూ మూట విప్పరు. బావ బండి నిదానం చేశాడు. ఆమె తల ఎత్తింది.

"మేగం కట్టింది నాయనా. మీ బండి బాగుండాదా? ఒల్చేదా, ఇంగా రెండు దినాలు చూసేదా?"

పంపు నా తొడలకు చల్లగా తగులుతోంది. నోరు తెరిచి నిజం చెబితే ఆ ఒక్క మూట ముడి విప్పకుండా ఉండేది.

"బాగుండాదవ్వా. నువ్వు ఒల్చుకో" అన్నాను.

బావ యాక్సిలరేటరు తిప్పాడు. మలుపు తిరిగాక ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఎందుకు నవ్వామో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాదు, సిగ్గు మాత్రం గుర్తొస్తుంది.

ఆదివారం ఆర్కాడు బండి మైదానం చుట్టూ ఒకటిన్నర చుట్టు తిరిగింది. రెండో చుట్టు సగంలో పొగ కక్కి ఆగింది. అయినా చప్పట్లు కొట్టారు. ప్లాస్టిక్కు షీల్డు ఒకటి ఇచ్చారు. బావ మెడలో దండ పడింది. అంతలో టపటపమని వాన, కుండపోత. కార్లవాళ్లు టార్పాలిన్లు కప్పుకోవడానికి పరిగెత్తారు. మేము మాత్రం ట్రాక్టరెక్కి కేకలు వేశాం. తడిసిన ఎర్ర రంగు ఫోటోలో బాగుంటుందని బావ అటు తిరగమన్నాడు, ఇటు తిరగమన్నాడు. ఆ వాన మా ఊళ్లోనూ పడుతోందని నాకు తోచలేదు. ఒట్టు, ఒక్క క్షణం కూడా తోచలేదు. రైతు బిడ్డనని లెటర్ ప్యాడు మీద అచ్చు వేయించుకున్నవాణ్ని, వానలో తడుస్తూ ఫోటోలు దిగాను.

మరునాడు బస్సులో వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో ట్రాక్టర్లు. అప్పుడు గుర్తొచ్చింది అవ్వ చేను.

ఇల్లు చేరేసరికి నాయన వచ్చి ఉన్నాడు, డ్రైవరు వచ్చి ఉన్నాడు. బండి బానెట్ తెరిచి ఉంది. నాయన నన్ను చూసి ఒకే మాట అడిగాడు.

"పంపు యాడ?"

చెప్పాను. ఆయన డ్రైవరు చేతిలో బస్సు చార్జీ పెట్టాడు. డ్రైవరు అప్పటికప్పుడు వేలూరు వెళ్లి సాయంత్రానికి పంపు తెచ్చాడు. బిగించి చూస్తే గీత లేదు, గుర్తు లేదు. ఎటు తిప్పి పెట్టినా తెల్లపొగ వస్తోంది, ఇంజను అందుకోవడం లేదు. తాళం కుదర్చాలంటే ఆ వేలూరు మెకానిక్కే రావాలి, ఆయనకు సీజను, గురువారం దాకా వీలు కాదన్నాడు. ఊళ్లో కొత్త ట్రాక్టర్లన్నీ గంట గంటకూ ఒకరికి ఒప్పుకుని ఉన్నాయి. నన్ను చూసి చెయ్యి ఊపిన ఆ పిల్లవాడి దగ్గరికే వెళ్లి అడిగాను. "రాళ్ల చేను అన్నా, నాగలి పండ్లు పోతాయి. నాకు బ్యాంకు కంతు కట్టేది ఉండాది" అన్నాడు. వాడిది తప్పు కాదు. ఊళ్లో మిగిలిన రెండు జతల ఎద్దులు వాటి యజమానుల చేలల్లో ఉన్నాయి.

"ట్రాక్టరు లాగేదానికి ఎద్దులు దొరికె, చేను దున్నేదానికి దొరకలేదా తంబీ?" అన్నాడు డ్రైవరు. ఆయన నాతో అంత కటువుగా మాట్లాడటం అదే మొదలు.

మంగళవారం తెల్లవారగానే నాయన పార భుజాన వేసుకుని కొండ వైపు నడిచాడు. డ్రైవరు వెనకే గడ్డపార పట్టుకుని పోయాడు. నన్ను ఎవరూ పిలవలేదు, నేనే పోయాను. మా సొంత చేను వైపు నాయన తలైనా తిప్పలేదు. ఆ సంవత్సరం మా చేలల్లో విత్తనం ఆలస్యంగానే పడింది, అది వేరే కథ. సంఘం ఏమైందంటారా? ప్రెసిడెంటు సత్తువాచారిలో షీల్డు గోడకు తగిలిస్తున్నాడు. వైస్ ప్రెసిడెంట్లు ముగ్గురికీ ఒకేసారి జ్వరం వచ్చింది.

ఎకరన్నర పారతో తవ్వడమంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. ముందు మేము ముగ్గురం సాలు తీసుకుంటూ పోతే, వెనక అవ్వ వంగి ఒక్కో గింజా వేసి కాలితో మట్టి కప్పుతోంది. మధ్యాహ్నానికి నా అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. డ్రైవరు చూసి, పార పిడికి తువ్వాలు చుట్టుకోమన్నాడు. నాయన చూసి మళ్లీ పార ఎత్తాడు. అవ్వ ఆ రెండు రోజులూ నన్ను బండి సంగతి అడగలేదు. మొదటి రోజు ఒక మోస్తరు తవ్వాం. రెండో రోజు ఎండ కాసింది. మధ్యాహ్నం నుంచే నేల బిగుసుకోవడం మొదలైంది. మూడో రోజు పొద్దున పార వేస్తే ఖణేల్మని మోగింది. మూడో వంతు కూడా పూర్తి కాలేదు. నాయన ఇంకో రెండుసార్లు వేసి చూసి, పార పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాడు.

"చిన్నమ్మా, ఇంగ లేదు" అన్నాడు.

"సరి నాయనా, ఏం చేస్తాం. నువ్వు మాట తప్పలా, వచ్చినావు" అంది అవ్వ.

తన చేనిలో పార వేసినవాళ్లను ఆమె వట్టి చేతులతో పంపదు. ముగ్గురికీ రాగిసంకటి పెట్టింది, మజ్జిగ పోసింది. డ్రైవరుకు కూలి కింద ఒక పడి రాగులు కొలిచి, వద్దు వద్దంటున్నా తువ్వాలులో కట్టింది. నాయన తీసుకోడని తెలిసి ఆయన్ను అడగలేదు. తర్వాత ఇంట్లోకి పోయి చేట తెచ్చింది. నా మాట నమ్మి శనివారం నుంచి ఒల్చిన గింజలు, మూడింట రెండు వంతులు అలాగే మిగిలి ఉన్నాయి. గానుగకు వేస్తే ఏ నాలుగు డబ్బులో వస్తాయి, ఏడాది గడవదు. వాటిలోంచి ఒక గుప్పెడు తీసుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు కదలనివన్నీ ఏరుకొచ్చి పెట్టుకుంటావంటనే నాయనా. ఊళ్లో చెప్పుకుంటా ఉండారు. ఇవి గూడా పెట్టుకో. వచ్చే వాన దాకా నిలవ్వు, ఇంగ మొలవ్వు."

ఆమె గొంతులో కోపం లేదు. నాయన గట్టు మీదనుంచి చూస్తున్నాడు. బొబ్బలు పగిలిన చేతులతో దోసిలి పట్టాను.